కొలతల పుస్తకంలో ఎక్కని టన్నులు

పెద్ద నిర్మాణ పనులకు అంచనాలు వేయడం, బిల్లులు తయారు చేయడం నా వృత్తి. విజయవాడలో ఉంటూ కృష్ణకు అటూ ఇటూ ఉన్న సైట్లకే ఎక్కువగా పనిచేశాను. ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసినా ఎవరూ పట్టించుకోని వింత ఒకటుంది. సైటులోకి వచ్చే ప్రతి వస్తువుకూ లెక్క ఉంటుంది. సిమెంటు బస్తాలను గేటు దగ్గరే లెక్కపెడతారు, ఇనుమును తూకం వేయిస్తారు, కంకర వస్తే టిప్పరు ఎక్కి టేపు పెట్టి కొలుస్తారు, రెడీమిక్స్ లారీ ఎన్ని గంటలకు వచ్చిందో ఎన్ని గంటలకు వెళ్లిందో చలానా మీద రాస్తారు. అదే గేటు గుండా బయటికి పోయే శ్లాబు పెళ్లలు, ఇటుక ముక్కలు, పగిలిన టైల్సు, గట్టిపడిపోయిన సిమెంటు, తవ్వితీసిన మట్టి మాత్రం ఏ కొలతల పుస్తకంలోనూ ఎక్కవు. నిర్మాణ వ్యర్థాల మీద సభ పెడితే అవగాహన, బాధ్యత, స్వచ్ఛత వంటి పెద్ద మాటలు వినిపిస్తాయి. నేను చెప్పదలచుకున్నది వాటికంటే చాలా చిన్న విషయం: టెండరులో ఈ వ్యర్థాలకు విడిగా ఒక ఐటమూ, దానికొక రేటూ, ఆ రేటుకు ఆధారంగా ఒక తూకపు చీటీ లేనంత కాలం, ఎంత మంచి చట్టం వచ్చినా ఇవి చేరేది కాలవగట్టుకే.

ప్రస్తుతం కాంట్రాక్టు పత్రాల్లో ఈ సంగతి ఎక్కడో షరతుల చివర ఒక్క వాక్యంలో ఉంటుంది. పని పూర్తయ్యాక సైటును శుభ్రం చేసి అప్పగించాలనీ, దానికి అయ్యే ఖర్చంతా ఇచ్చిన రేట్లలోనే కలిసి ఉన్నట్టు భావించాలనీ ఆ వాక్యం సారాంశం. చదవడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే కాంట్రాక్టరు వైపు నుంచి చూస్తే దాని అర్థం వేరు. చెత్త తీయడానికి విడిగా డబ్బు రాదు కాబట్టి, ఎంత తక్కువ దూరంలో పారబోస్తే అంత మిగులు. మట్టి పనికి లీడు (తోలే దూరం) ఎంత, లిఫ్టు (ఎత్తే ఎత్తు) ఎంత అని మీటర్లలో లెక్కగట్టి డబ్బు ఇచ్చే మన అంచనా పద్ధతే, వ్యర్థాల దగ్గరికి వచ్చేసరికి దూరం ఎంతైనా ఒకటే అంటుంది. ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న, వ్యర్థాలు తీసుకునే యార్డుకు నిజాయితీగా తోలినవాడికీ, చీకటి పడ్డాక పక్క వీధి మలుపులో దింపినవాడికీ వచ్చే బిల్లు ఒక్కటే అయినప్పుడు, నిజాయితీపరుడు తరువాతి టెండరులో ఎక్కువ రేటు వేసి ఓడిపోతాడు.

ధర ఉన్న వస్తువును వేరుచేయడం మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పాత ఇల్లు పడగొట్టడం ఎప్పుడైనా దగ్గర నుంచి చూడండి. పడగొట్టే కాంట్రాక్టరు ఇంటి యజమానికి తానే ఎదురు డబ్బిచ్చి పని తీసుకుంటాడు, ఎందుకంటే పాత సామాను మీద అతనికి లెక్క ఉంది. ముందుగా టేకు గుమ్మాలూ తలుపులూ దెబ్బ తగలకుండా ఊడదీస్తారు. తరువాత గ్రిల్సు, ఆ తరువాత గోడల్లోంచి వైర్లు లాగి పైతొడుగు ఒలిచి రాగి తీస్తారు. నాపరాళ్లను అంచులు విరగకుండా గునపంతో లేపి నిలువుగా పేరుస్తారు. శ్లాబును బ్రేకరుతో కొట్టాక ఇద్దరు ముగ్గురు సమ్మెటలు పట్టుకుని కాంక్రీటు పెళ్లలోంచి ఊచలు విడిపించి, వంపులు సరిచేసి, మోపులు కట్టి తూకానికి పంపుతారు. అవగాహన సదస్సు, పోస్టరు, జరిమానా ఏమీ లేకుండానే ఇంత శ్రద్ధగా వ్యర్థాల విభజన జరుగుతుంది. అక్కడ మిగిలిన ఇటుక, సున్నం, కాంక్రీటు కుప్పకు మాత్రం దిక్కులేదు. ఆ కుప్ప బరువు కూడా తక్కువేమీ కాదు. పడగొట్టేటప్పుడు చదరపు మీటరుకు 300 నుంచి 500 కిలోలు, కొత్తగా కట్టేటప్పుడు 40 నుంచి 60 కిలోలు వ్యర్థాలు వస్తాయని కేంద్ర ప్రభుత్వ సాంకేతిక సంస్థ టైఫాక్ వేసిన అంచనాను మన దేశంలో ఇప్పటికీ ఆధారంగా తీసుకుంటారు. ఆ ప్రకారం రెండు వేల చదరపు అడుగుల పాత ఇంటికి సుమారు 75 టన్నులు తేలుతుంది.

ఇక్కడ విజయవాడవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. అది కొట్టిపారేయదగ్గది కాదు. మా ఊళ్లో రబ్బీసు, అంటే ఇటుక, కాంక్రీటు శిథిలాలు, వృథా పోవడం లేదు, మెరక తోలుకోవడానికి జనం కొనుక్కుంటున్నారు కదా అంటారు. నిజమే. ఒక సైటులో టిప్పరు డ్రైవరు నా ఎదుటే ఫోనులో బేరం ఆడాడు. "బాబాయ్, శ్లాబు పెళ్లల్లేవు, నిఖార్సైన ఇటుక ముక్క. కండ్రికలో దింపుకుంటానంటే ఇప్పుడే బయల్దేరతా, లేదంటే నున్న రోడ్డులో వేరేవాళ్లు అడుగుతున్నారు." ఫోను పెట్టేసి నాకు చెప్పాడు, ఇటుక ముక్కయితే ఎవరైనా దింపుకుంటారనీ, ఇనుము తీసిన కాంక్రీటు పెళ్లలను ఊరికే ఇస్తానన్నా ఎవరూ తీసుకోరనీ, వాటికి మాత్రం తామే "చోటు చూసుకోవాలనీ". ఆ చోట్లు ఎక్కడో ఏలూరు కాలవ, రైవస్ కాలవ గట్ల మీద నడిచేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

మెరక వ్యాపారాన్ని పునర్వినియోగం అనడానికి నాకు మనసొప్పదు. పల్లంలో ఉన్న స్థలంలో ఒకరు మూడడుగులు మెరక చేసుకుంటే ఆ స్థలంలో నిలవాల్సిన వాన నీరు పక్కింటికి పోతుంది. పక్కింటివారు మరుసటి ఏడు నాలుగడుగులు తోలిస్తారు. చివరికి వీధి గోతిలా మిగిలి, మునిసిపాలిటీ రోడ్డు ఎత్తు పెంచుతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీలను ముంచినప్పుడు అసలు కారణాలు కుండపోత వానా, మళ్లింపు కాలవకు పడ్డ గండ్లూ. ఆ సంగతిని పక్కకు నెట్టి తప్పంతా రబ్బీసు మీద వేయడం అబద్ధమవుతుంది. కానీ వచ్చిన నీరు పోవడానికి దారి ఉండాలి కదా. బుడమేరు పొడవునా ఆక్రమణలు ఎలా మొదలయ్యాయో గమనిస్తే, చాలా చోట్ల మొదటి అడుగు గట్టు వారన దింపిన నాలుగు ట్రక్కుల రబ్బీసే. ముందు కుప్ప పడుతుంది, దాన్ని చదును చేస్తారు, రేకుల షెడ్డు లేస్తుంది, కరెంటు మీటరు వస్తుంది.

పైగా మెరకకు పోయే లోడులో ఇటుక ముక్క ఒక్కటే ఉండదు. పాత పైకప్పు నుంచి వచ్చిన ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల తునకలుంటాయి. వాటిని కొట్టి విరగగొట్టినప్పుడు లేచే నారపోగులు ఊపిరితిత్తులకు క్యాన్సరు తెచ్చేవి. ఫాల్స్ సీలింగు నుంచి వచ్చిన జిప్సం బోర్డులుంటాయి. గాలి ఆడని తడిలో, సేంద్రియ చెత్తతో కలిసి పూడుకుపోతే వాటి నుంచి కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. రంగు డబ్బాలు, సిమెంటు బస్తాల ప్లాస్టిక్కు, పీవీసీ పైపు ముక్కలు సరేసరి. ఒక్కసారి కలిసిపోయాక వీటిని యంత్రంతో వేరుచేయడం కష్టం, మనుషులతో వేరుచేయించడం ఖరీదు. అందుకే విభజన అనేది యార్డులో కాదు, పుట్టిన చోటే జరగాలి. కలిసిన కుప్పను క్రషరులో వేస్తే వచ్చే పొడి ఎవరూ కొనరు.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. కేంద్ర పర్యావరణ శాఖ 2016 మార్చి 29న ప్రకటించిన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, రోజుకు 20 టన్నులు లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు మించి వ్యర్థాలు వచ్చే పని అయితే కాంక్రీటును, మట్టిని, ఇనుము, కలప, ప్లాస్టిక్కులను, ఇటుక, మోర్టారును వేర్వేరుగా పెట్టాలి, పని మొదలుపెట్టే ముందే నిర్వహణ ప్రణాళిక ఇచ్చి స్థానిక సంస్థ ఆమోదం తీసుకోవాలన్నారు. నిక్షేపంలాంటి నియమం. దాని హద్దును మన ఊరి కొలతలతో పోల్చి చూడండి. లక్ష చదరపు అడుగుల అపార్టుమెంటుకు పైన చెప్పిన అంచనా ప్రకారం 370 నుంచి 560 టన్నులు వస్తాయి. అది రెండేళ్ల పని. తవ్వితీసిన మట్టిని పక్కనపెడితే, ఏ నెలలోనూ 300 టన్నులు దాటదు, ఏ రోజూ 20 టన్నులు దాటదు. అంటే ఆ నియమాల కింద లక్ష చదరపు అడుగులు కట్టిన బిల్డరు కూడా ముందస్తు ప్రణాళిక ఇవ్వకుండానే బయటపడగలిగేవాడు. వాటి స్థానంలో 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన కొత్త నియమాలు 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా రూపొందాయి. వీటిలో ఉత్పత్తిదారు బాధ్యత, అంటే వ్యర్థం పుట్టించినవారే దాని రీసైక్లింగుకు పూచీ పడే పద్ధతి తెచ్చి, రీసైక్లింగు లక్ష్యాలు పెట్టి, నమోదైన రీసైక్లరు నుంచి సర్టిఫికెట్లు కొనే వీలు కల్పించారు. ఆ లక్ష్యాలు వర్తించేది 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2 లక్షల 15 వేల చదరపు అడుగులు, అంతకు మించిన నిర్మాణాలకు. పటమట, మొగల్రాజపురం సందుల్లో లేచే అయిదంతస్తుల భవనాలేవీ దాని దరిదాపుల్లోకి రావు. రాజధాని పనులు మాత్రం నికరంగా వస్తాయి.

సర్టిఫికెట్ల మీద నాకు కొంత అనుమానం ఉంది. మన దగ్గర ఏ సర్టిఫికెట్టయినా వస్తువు కంటే ముందే తయారవుతుంది. అయినా ఏ లెక్కా లేని స్థితి కంటే ఈ కొత్త పద్ధతి తెచ్చే ఆన్‌లైన్ లెక్క నయం.

అసలు చిక్కు వ్యర్థాలను పోగుచేయడంలో కంటే, వాటి నుంచి తీసిన సరుకును కొనడంలో ఉంది. రీసైకిల్ చేసిన కంకర అనగానే స్ట్రక్చరల్ ఇంజినీరు మొహం చిట్లిస్తాడు. ఆ భయంలో న్యాయం కొంత ఉంది. పాత కాంక్రీటును పగలగొడితే వచ్చే కంకరకు పాత సిమెంటు మోర్టారు అంటుకుని ఉంటుంది. అది స్పంజిలా నీరు పీలుస్తుంది. మన నల్లరాతి కంకర నీటిని దాదాపు పీల్చదు, కాబట్టి అదే లెక్కన నీళ్లు పోసి కలిపితే మిక్సు గట్టిపడిపోయి పనికి లొంగదు, మేస్త్రీ పైనుంచి మరో బకెట్టు నీళ్లు పోస్తాడు, బలం పడిపోతుంది. పరిష్కారం తెలిసినదే. కంకరను ముందుగా తడిపి పెట్టుకోవాలి, మిక్సు డిజైను విడిగా చేసుకోవాలి. కాంక్రీటు కంకరకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 383 కూడా 2016లో సవరించినప్పుడు దీన్ని గుడ్డిగా అనుమతించలేదు. పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరను సాదా కాంక్రీటులో 25 శాతం వరకు, ఇనుము వేసే కాంక్రీటులో ఎం 25 గ్రేడు (ఒక మోస్తరు బలం) దాకా మాత్రమే 20 శాతం వరకు, పునాది కింద వేసే లీన్ కాంక్రీటులో నూటికి నూరు శాతం వాడవచ్చని హద్దులు గీసింది. రోడ్ల పనికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2017లో ఐఆర్‌సీ 121 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి ఇరవై అంతస్తుల స్తంభాల్లో ఇటుక పొడి కలపమని ఎవరూ అడగడం లేదు. పునాది కింద పరుపు, రోడ్డు అడుగు పొర, పేవర్ బ్లాకులు, కర్బు రాళ్లు, డ్రైను పక్కన నింపుడు, వీటికే మన దగ్గర ఎంత కంకర పోతుందో బిల్లులు రాసేవారికి తెలుసు. ఎక్కడా బరువు మోయని చోట కూడా కొండ తొలిచి తెచ్చిన రాయే కావాలనడం నాకు ఇంజినీరింగుగా కనిపించదు, అలవాటుగా కనిపిస్తుంది.

ధర సంగతి ఇంకా మొండిది. విజయవాడకు దొనబండ, పరిటాల క్రషర్లూ, గుంటూరుకు పేరేచర్ల క్వారీలూ ఇంత దగ్గరలో ఉండగా కొత్త కంకర చవగ్గా దొరుకుతుంది. ఢిల్లీలో 2009లోనే బురారిలో వ్యర్థాల ప్లాంటు మొదలైందనీ, హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లగూడ దగ్గర రోజుకు 500 టన్నుల చొప్పున ప్లాంట్లు వచ్చాయనీ మనవాళ్లు ఉదాహరణలు చూపిస్తారు. ప్లాంటు పెట్టడం ఒక ఎత్తు, దాని సరుకు అమ్ముడుపోవడం మరో ఎత్తు. పక్కనే కొండ ఉన్న ఊళ్లో పాత కాంక్రీటు కంకర తనంతట తాను మార్కెట్లో నిలబడదు. దాన్ని నిలబెట్టాలి.

నిలబెట్టడం సాధ్యమేనని చెప్పడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, ఇబ్రహీంపట్నం చాలు. అక్కడి థర్మల్ కేంద్రం బూడిద ఒకప్పుడు ఎవరికీ అక్కరలేని చెత్త. చెరువులు నింపేది, ఎండాకాలం గాలికి లేచి ఊళ్ల మీద పడేది. 1999 సెప్టెంబరు 14న కేంద్రం నోటిఫికేషను ఇచ్చింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న ఇటుక బట్టీలవారు మట్టిలో కనీసం 25 శాతం బూడిద కలపాలనీ, విద్యుత్ కేంద్రాలు కనీసం పదేళ్లు బూడిదను ఉచితంగా ఇవ్వాలనీ అందులో ఉంది. తరువాత ఆ దూరాన్ని పెంచుతూ పోయారు. మొదట్లో బూడిద ఇటుక అంటే ఇక్కడివాళ్లు పెదవి విరిచారు, మేకు దిగదన్నారు, నెమ్ము పడుతుందన్నారు. నేడు విజయవాడ చుట్టుపక్కల లేచే గోడల్లో బూడిద ఇటుక లేనిది వెతకాలి. ప్రజల్లో పర్యావరణ స్పృహ పెరిగి ఈ మార్పు వచ్చిందని నేను నమ్మను. వస్తువు ఉచితంగా దొరికింది, వాడకం తప్పనిసరి అయింది, ప్రభుత్వ పనుల రేట్ల పట్టికలో దానికి చోటు దొరికింది. ఈ మూడూ కుదిరాక బట్టీవాడు తన లాభం తాను చూసుకున్నాడు. బూడిద లారీల కోసం రాజకీయ నాయకులు గొడవపడే రోజులు కూడా వచ్చాయి, అదొక విధంగా విజయానికి గుర్తే. 2016 నియమాల్లోనే మునిసిపల్, ప్రభుత్వ కాంట్రాక్టుల్లో 10 నుంచి 20 శాతం వ్యర్థాల నుంచి తీసిన సామగ్రి వాడేలా చూడాలని రాసి ఉంది. బూడిదకు పట్టిన పట్టును ఆ వాక్యానికి పట్టలేదు, అంతే తేడా.

ఆ పట్టు పట్టడానికి అమరావతి కంటే అనువైన చోటు రాష్ట్రంలో లేదు. కొనేది ప్రభుత్వమే, కట్టించేది ప్రభుత్వమే, రోడ్లూ డ్రైన్లూ కలిపి తక్కువ బలం చాలే కంకర అవసరం కొండంత. అక్కడ అన్నిటికన్నా ఎక్కువ బరువు తూగే వ్యర్థం కాంక్రీటు కాదు, తవ్వితీసే మట్టి. అదీ నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు పగిలే ఆ మట్టిని రోడ్డు కింద వేయలేరు. కానీ నదివారన ఉండే సారవంతమైన జరీబు భూముల పైమట్టి మూడు పంటలు పండించినది. సైటు చదును చేసేటప్పుడు అడుగు లోతు పైమట్టిని విడిగా గీకి, కుప్పపోసి, పార్కులకూ రోడ్ల మధ్య చెట్లకూ వాడే ఐటమును అంచనాలో పెట్టడానికి పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు. అడుగుమట్టితో కలిపి తోలేశాక దాన్ని మళ్లీ తయారుచేయడం మాత్రం ఎవరి తరమూ కాదు.

వ్యర్థం గురించి మాట్లాడుతూ అమరావతిలో ఆగిపోయిన పనుల ఊసెత్తకపోతే పిరికితనం అవుతుంది. 2019 తరువాత సచివాలయం టవర్ల రాఫ్టు పునాదులు (భవనం మొత్తం కింద పరిచే మందపాటి కాంక్రీటు పలకలు) ఏళ్ల తరబడి నీళ్లలో నానాయి. 2024లో ఐఐటీ మద్రాస్, ఐఐటీ హైదరాబాద్ నిపుణులు వచ్చి అక్కడి కట్టడాల్ని పరిశీలించాకే పని కొనసాగింపు మీద నిర్ణయాలు జరిగాయి. నీటి అడుగున ఉన్న కాంక్రీటు బాగానే బతుకుతుంది. పైకి తేలి ఉన్న ఊచలకే తుప్పు. ఉండవల్లిలో 2019 జూన్‌లో కూల్చిన ప్రభుత్వ సమావేశ మందిరం ప్రజావేదిక శిథిలాలు అయిదేళ్ల తరువాత కూడా అక్కడే పడి ఉన్నాయి. కూల్చడం ఒప్పా తప్పా అన్న తగవు నాకు వద్దు. ఒక ప్రభుత్వ ఇంజినీరింగు యంత్రాంగం కూల్చివేతను రాత్రికి రాత్రి పూర్తిచేసి, శిథిలాలను ఏ లెక్కలోనూ వేయకుండా వదిలేయగలిగిందంటే, కూల్చివేత అంచనాలో ఆ రెండో భాగానికి చోటే లేదన్నమాట. ఆ రెంటినీ ఒకే పనిగా చూడాలి.

వ్యర్థం పుట్టకుండా చూసే అవకాశం కాగితం మీదే ఎక్కువ. ఊచ పొడవు 12 మీటర్లు. డ్రాయింగు ప్రకారం 3.5 మీటర్ల ముక్కలు కావాలంటే మూడు ముక్కలు పోగా మీటరున్నర మిగులుతుంది, అంటే ఎనిమిదో వంతు. ఆ మిగులును చైర్లకూ స్పేసర్లకూ (ఊచల వరసలను ఎడంగా నిలిపే ముక్కలకు) వాడేలా ముందే కటింగు షెడ్యూలు రాసుకుంటే తుక్కు తగ్గుతుంది. లేకపోతే బార్‌బెండరు ఎదురుగా కనిపించిన కొత్త ఊచనే కోస్తాడు. శ్లాబు పోయగా మిగిలిన రెడీమిక్స్‌ను గోడ వెనక కుమ్మరించే బదులు అచ్చుల్లో పోస్తే కవరు బ్లాకులో (ఊచల కింద పెట్టే చిన్న దిమ్మలు), కర్బు రాళ్లో అవుతాయి. ఇవి నేను చూసిన మంచి సైట్లలో జరుగుతూనే ఉన్నాయి. జరగనివి ఎక్కడంటే ఇంటీరియర్ల దగ్గర. గోడ కట్టి, ప్లాస్టరు చేసి, పైపు వేసి, టైలు అంటించాక ఫ్లాటు కొన్నవారు వచ్చి వాస్తు ప్రకారం వంటగట్టు అటు మార్చమంటే, అప్పటిదాకా సైటులో పొదుపు చేసినదంతా ఒక మధ్యాహ్నంలో బస్తాల్లోకి ఎక్కుతుంది.

ఇక ఐటము ఎలా రాయాలన్న ప్రశ్న. నేను వేసే అంచనాల్లో దాన్ని మూడు ముక్కలుగా రాయాలనుకుంటాను: సైటులో వేరుచేసి పేర్చినందుకు ఒక రేటు, తోలినందుకు దూరాన్ని బట్టి ఒక రేటు, యార్డు తీసుకునే రుసుము అసలు రసీదు మీద. తూకం రెండు చోట్లా జరగాలి, సైటు గేటులో ఒకటి, యార్డు గేటులో ఒకటి. రెంటికీ తేడా వస్తే ఆ నెల రన్నింగు బిల్లులో, అంటే పని నడుస్తుండగా చెల్లించే బిల్లులో, కోత పడాలి. చీటీలు దొంగవి పుట్టిస్తారని ఒక సీనియరుగారు అన్నారు. పుట్టిస్తారు. ఇసుకకూ పుట్టించారు, కంకరకూ పుట్టించారు. అయినా వాటికి చీటీలు మానేయలేదు కదా. దొంగ చీటీ సంగతి ఎలా ఉన్నా, టిప్పరు డ్రైవరుకు ట్రిప్పు బత్తా సైటు దగ్గర ఇవ్వకుండా, సరుకు దింపాక యార్డు కిటికీ దగ్గర ఇచ్చే ఏర్పాటు చేస్తే, కాలవగట్టు అతనికి దగ్గర దారి కాకుండా పోతుంది.